రేవు లెక్కల మాలక్

పిడుగుకి పాత పెట్టె కాలిపోయింది.
ఆలాపల్లి పోరడు దాని డిస్కు ఒక్కటి ఊడదీసి
కొత్తదాన్లో బిగించి
"అంతా బతికే ఉంది అక్కా" అని
మూడొందలు తీసుకుని సిరొంచ స్టాండులో బస్సెక్కాడు.

బతికే ఉంది. నన్నే గుర్తుపట్టలేదు.

"రేవు లెక్కలు" అని నేనే పేరుపెట్టిన ఫోల్డరు మీద
రెండుసార్లు నొక్కితే
"ప్రవేశ్ నాకారలా" అంది, మరాఠీలో, మర్యాదగా,
తహసీలు ఆఫీసులో అన్నానికి లేచిన గుమాస్తాలాగ.

గడప బయట సడవలి.
ప్రాణహిత మీద ఇరవై రెండేళ్లు తెడ్డేసినవాడు.
వంతెన పడ్డాక పడవ బోర్లించి
దాని వీపు మీద మిరపకాయలు ఎండబెట్టుకుంటున్నవాడు.
రేవులో పనిచేసినోళ్లకి ఏదో సాయమంట,
రుజువు తెమ్మన్నరంట.
"టిక్కెట్లు రాసింది నువ్వే గద. అండ్ల నా పేరుంటది."
లోపలికి రమ్మంటే రాడు. కాళ్లకు బురదంటాడు.
ఏప్రిల్‌లో బురద ఎక్కడిది.

కుడి మీట. గుణధర్మ్. సురక్షా. ప్రగత్.
మాలక్ అన్నచోట నా పేరు లేదు.
ఎస్, అడ్డగీత, ఒకటి, అయిదు, ఇరవయ్యొకటి,
ఆ తర్వాత అంకెలే అంకెలు, కిటికీ అంచు దాటేంత.

ఎవరీ అంకె?
మా ప్రణాలి తొమ్మిదో తరగతి. జామకాయ కొరుకుతూ చెప్పింది:
"నువ్వే. ఆ పెట్టెలో నువ్వు.
అక్కడ నీకో అంకె, ఇక్కడింకో అంకె.
పేరొకటే అయితే ఏంది, ఇది పేర్లని నమ్మదు."

నవ్వొచ్చింది. రేషన్ కార్డులో నేను మల్లుబాయి,
ఓటరు లిస్టులో మలూబాయి,
నది అవతల పుట్టింటి పట్టాలో మల్లక్క.
ముగ్గురం ఒక్కరమేనని ఒప్పించడానికి
గడ్చిరోలికి ఎన్నిసార్లు తిరిగానో,
పోవడానికే ఆరు గంటలు.
ఈ పెట్టె నయం. నాలుగు నొక్కులతో సరిపెడుతుంది.

మాలక్ మార్చు. పేరు కొట్టు. సరిచూడు.
లోపలివాటికీ వర్తించమని కింద ఒక చిన్న గడి ఉంటుంది,
అది మరిస్తే గుమ్మం నీదవుతుంది, గదులు కావు.
"డిస్కులు రెండిటికీ కొట్టేద్దాం, ఒక్కసారే అయిపోతది" అన్నాను.
"వద్దమ్మా! విండోస్ జోలికి పోకు. దాని మాలక్ వేరే."
చూశాను. ట్రస్టెడ్ ఇన్‌స్టాలరట.
కిస్తీలు నావి, కరెంటు బిల్లు నాది,
నా బల్ల మీదే నాకంటే పెద్ద మాలక్ ఒకడు
ఇన్నాళ్లుగా కాపురముంటున్నాడు.
వాడి జోలికి పోలేదు.

చిన్న కిటికీలో ఫైళ్ల పేర్లు ఉరికాయి:
శివరాత్రి రద్దీ, వరద నాగాలు, మోటారు రిపేరు,
మేకల బాకీ, పెళ్లి పడవ, పెళ్లి పడవ రెండు…
ఆగాయి.
తెరుచుకుంది.

వందల వరసలు. తేదీ, ట్రిప్పులు, కూలి.
ప్రతి వరసలో ఉన్నాడు.
"తెడ్డు" అని ఉన్నాడు.
తెడ్డు, నాలుగు ట్రిప్పులు. తెడ్డు, జ్వరం, రాలేదు.
తెడ్డు, అడ్వాన్సు యాభై.
రేవంతా అట్లాగే పిలిచేది. నేనూ.
సడవలి అనే నాలుగక్షరాలు ఎక్కడా లేవు.

అనుమతుల పట్టీలో "పూర్ణ నియంత్రణ్"కి టిక్కు పడి ఉంది.
చదవొచ్చు. రాయొచ్చు. తుడవొచ్చు.
పదకొండేళ్ల కిందటి ఒక మంగళవారంలోకి పోయి
ఒక మనిషికి పేరు పెట్టొచ్చు.
కర్సరు తెడ్డు పక్కనే కొట్టుకుంటోంది.

"దొరికిందా?" గడప మీంచి.
"దొరికినవ్. కానీ తెడ్డువే."
కాసేపు పలకలేదు.
"రాయరాదు మరి. నా పేరే గద."
ప్రణాలి గొంతు తగ్గించి: "ఇవాళ్టి తేదీ పడ్తది, అమ్మా."

ఏం చేయాలో తోచక
చదవడానికి మాత్రమే అనే గడిలో టిక్కు పెట్టి
ముందు చదివి వినిపిస్తాను, లోపలికి రా అన్నాను.
ఈసారి వచ్చాడు. కుర్చీ వద్దన్నాడు, నేల మీదే కూర్చున్నాడు.
మొదటి వరస నుంచి ఎత్తుకున్నాను.
పద్నాలుగో వరస దగ్గర చెయ్యెత్తి ఆపాడు:
"ఆ దినం నాలుగు గాదు, అయిదు ట్రిప్పులు.
ఒకటి నువ్వు రాయలే."